హారం

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో
కాన్పుల వార్డు చివర, ఉతికిన దుప్పట్ల గది పక్కన
నా బల్ల.
దాని మీద ఒక రిజిస్టరు, ఒక కొలతపట్టీ,
బొటనవేలంత టార్చి.

టార్చి అంగిలి చూడ్డానికి.
పట్టీ తలకి.
పాదం ఏ వైపు తిరిగిందో చెప్పడానికి నా చెయ్యి చాలు.
వెన్ను మీంచి వేలు జారుస్తాను
మెడ నుంచి తోక ఎముక దాకా,
బియ్యంలో రాయి వెతికినట్టు,
దొరక్కూడదని వెతికినట్టు.

దొరికితే ఒక గడి. గడిలో ఒక సంకేతం.
పేరు ఆ పేజీలో ఉండదు.
పేరు వేరే బీరువాలో, తాళం వేరేవాళ్ళ దగ్గర.
భువనేశ్వర్ వెళ్ళేది అంకె ఒక్కటే.
ఏదీ లేని నెల కూడా రాయాలి: సున్నా.
అది రాయకపోతే
చూశామో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది?

ఆ పెదవిని మనం గ్రహణం మొర్రి అంటాం.
తప్పు ఎవరిదో పేరే చెప్పేస్తుంది.
కాశీనగరం నుంచి వచ్చిన పిల్ల, పంతొమ్మిదేళ్ళది,
నా కలం వైపు చూస్తూ అంది:
"ఆ రోజు నాను బయటికి రానేదప్పా,
తలుపేసుకుని తొంగున్నాను. అదీ రాయండి."
ఫారంలో మేనరికం ఉంది, జ్వరం ఉంది,
మూడో నెలలోపు మింగిన మాత్రలున్నాయి,
సూర్యుడికి గడి లేదు.
మార్జిన్లో తెలుగులో రాశాను:
బయటికి రాలేదు.
పైవాళ్ళెవరూ చదవరు.
ఆమె చదివించుకుంది, రెండుసార్లు.

ఊళ్ళకి మహేంద్రతనయ అడ్డం,
రాష్ట్రాలకి ఓ రేకు బోర్డు అడ్డం.
నొప్పులు బోర్డు చదవవు.
ఏ ఆటో దొరికితే ఆ ఆసుపత్రి.
ఇక్కడి కడుపు పాతపట్నంలో పండుతుంది,
అక్కడి బిడ్డ ఇక్కడ ఏడుస్తుంది.
శనివారం సాయంత్రం రూపవతి ఫోను:
"వెన్ను మీద సంచి, ఆడగుంట, మంగళవారం.
నీ బుక్కులో పడిందా?"
"నేదు. నీదాన్లో?"
"ఎడ్రసు మీదే కదాని నాను రాయనేదు."
రెండు పుస్తకాల మధ్య
రెండు కిలోల నూట యాభై గ్రాములు.
ఆ రాత్రి ఒక పుస్తకంలో పడుకోబెట్టాం.

ఎండాకాలం మొదట్లో, కొండ మీది ఒకే లోయ నుంచి
మూడు వెన్నులు, నాలుగు నెలల్లో.
ఉత్తరం రాశాను.
బరంపురం కుర్రాడొచ్చాడు, తెలుగు బాగానే వచ్చు,
బ్యాగు నిండా సీసాలు.
ఊటనీళ్ళు పట్టాడు, వంటిళ్ళలో ఉప్పు చూశాడు,
ఎంతో మర్యాదగా అడిగాడు:
"మూడు లవం. హారం ఎంతండీ?"

హారం.
బళ్ళో గీత కింద రాసిన అంకె.
ఎంతమందిలో ముగ్గురు?
ఆ లోయలో ఇంటి కాన్పులు ఎవరు లెక్కెట్టారు?

అప్పట్నుంచి సెలవురోజుల్లో కొండెక్కుతున్నాను.
అసాయి గొమాంగో ముందు నడుస్తుంది,
సవర మాట ఆమెది, రాత నాది.
బాగున్న పిల్లల్ని వెతుకుతున్నాం.
జీడితోటల్లో, చోళ్ళు దంచే చోట,
తల్లుల వీపుల మీద గుడ్డమూటల్లో.
మూసుకున్న వెన్ను, పది వేళ్ళు: ఒకటి.
మేకపిల్లని వదలనన్నవాడు: రెండు.
నా చెవిపోగు పీకినది: పదిహేడు.
ఏమీ కానివాళ్ళ పక్కన ఏమీ రాయక్కర్లేదు,
అయినా ఒక్కొక్కరి దగ్గరా ఆలస్యమవుతుంది.

నా పేరు తవిటమ్మ.
నాకు ముందు ఇద్దరు పోయారని,
నన్ను చేటెడు తవుడుకి అమ్మి మళ్ళీ తెచ్చుకున్నారని దానర్థం.
ఆ ఇద్దరికీ ఏమైందో అమ్మ చెప్పలేదు.
ఒకసారి మాత్రం, చింతపండు పిక్కలు తీస్తూ,
"పెద్దోడు పాలు పట్టుకోనేకపోయాడు" అంది,
మళ్ళీ పిక్కల్లో పడిపోయింది.
టార్చి వేసి చూసినవాళ్ళు లేరు.
మా ఇంట్లో ఆ లెక్క నా పేరే.

నూట అరవై రెండయ్యారు.
హారం ఇంకా చాలదట.
వచ్చే ఆదివారం వాగు అవతలి రెండు గూడేలు,
వాన రాకపోతే.